ఎడమచేతికి దొరకని బ్రేకు

నాకు వేగమంటే భయం. తొమ్మిదో తరగతి పిల్లలకు ఏళ్ల తరబడి బలం, ఘర్షణ, త్వరణం పాఠాలు చెప్పినదాన్ని ఈ మాట అనకూడదు గానీ, ఉన్నమాట అదే. వరంగల్‌లో ఆటో కొంచెం జోరుగా పోతే చాలు, "అన్నా, జర మెల్లగ పోనీ" అని వెనక నుంచి బతిమాలేదాన్ని. బోర్డు ముందు నిలబడితే మాత్రం నాకెక్కడలేని ధైర్యం వచ్చేది. రైలును గుద్దించమన్నా గుద్దించేదాన్ని, కొండ మీద నుంచి బండను దొర్లించమన్నా దొర్లించేదాన్ని. లెక్కలో ఎవరికీ దెబ్బ తగలదు కదా.

మా ఆయన పరిశోధన కోసం జర్మనీకి, క్లౌస్తాల్‌కి వచ్చాం. గుట్టల మీద కట్టిన ఊరు ఇది. ఇక్కడ చదునుగా ఉన్న చోటేదైనా ఉందంటే అది మా వంటింటి గచ్చే. గడప దాటితే ఎక్కడమన్నా ఉండాలి, దిగడమన్నా ఉండాలి. శనివారాలు కొలోన్‌లో ఉండే తెలుగు పిల్లలకు ఆన్‌లైన్లో ఫిజిక్స్ చెబుతుంటాను. వాళ్లు జర్మన్‌లో అడుగుతారు, నేను తెలుగులో చెబుతాను, ఇద్దరికీ అర్థం కాకపోతే ఇంగ్లిష్‌లో కలుసుకుంటాం.

అప్పటికి మా పాపకు నాలుగేళ్లు. దాని కీటా, అంటే ఇక్కడి బాలబడి, గుట్ట కింద, మా ఇల్లు గుట్ట పైన. రోజూ బస్సులో దింపి వచ్చేదాన్ని. ఆ వారం బస్సు డ్రైవర్ల సమ్మె. మా ఆయన ఏదో సదస్సుకని ఊరు దాటాడు. ఆ రోజే కీటాలో పిల్లల్ని అడవికి తీసుకెళ్తున్నారు. ఆలస్యమైతే వదిలేసి పోతారు. ఇక్కడ తొమ్మిదంటే తొమ్మిదే, మన పెళ్లి ముహూర్తం లాగా అటూ ఇటూ జరగదు. పాప ముందురోజు నుంచే బ్యాగు భుజానికి తగిలించుకుని ఇల్లంతా తిరుగుతోంది.

కింది వాటాలో ఉండే ముసలావిడ మా అవస్థ చూసి తన సైకిల్ ఇచ్చింది. మనవల కోసం వెనక పిల్లల సీటు బిగించి పెట్టుకుందట. సీటు ఎత్తు నాకు సరిపడా దించి, గాలి నొక్కి చూసి, పాప తలకు హెల్మెట్ పెట్టి, ఇక వెళ్లండని నవ్వింది. నేను మా ఆయనకు ఫోన్ చేశాను.

"సైకిలా? నీకొస్తదా?"

"బడికి సైకిల్ మీదనే పోయేదాన్ని. గని ఈ గుట్టలు జూస్తెనే గుండె దడ దడ అంటంది."

"గుట్ట దిగుడే గదా, తొక్కే పని గూడ లేదు. సైకిల్ తొక్కుడు ఎవరన్న మరుస్తరా?"

మరవరు. నా పాట్లన్నీ ఆ మరవకపోవడం వల్లే వచ్చాయి.

ఇంటి ముందు ఒక చుట్టు తిరిగి చూశాను. కాళ్లు నేలకు ఆనించి ఆపాను, ఆగింది. పాపను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. అయినా మనసు ఒప్పలేదు. ఆ ప్లాస్టిక్ బెల్టును నమ్మి బిడ్డను ఎలా వదలను? మా అమ్మ స్కూటర్ మీద మా తమ్ముణ్ని నాన్న నడుముకు తువ్వాలుతో కట్టేది. నేనూ చున్నీ తీసి, పాప వీపు వెనక నుంచి తిప్పి, నా నడుముకు రెండు ముళ్లు వేశాను. ముసలావిడ కనుబొమ్మలు పైకి లేపింది. పాప నా నడుము చుట్టూ చేతులు వేసింది. నాకు ధైర్యం వచ్చింది.

వీధి మలుపు తిరగగానే వాలు మొదలైంది. మొదట హాయిగానే ఉంది. తొక్కనక్కర్లేదు, గాలి చల్లగా తగులుతోంది. పాఠంలో చెబుతాం కదా, వాలు మీద వస్తువును గురుత్వం కిందికి లాగుతుంది, ఘర్షణ వెనక్కి పట్టి ఉంచుతుంది, లాగేది ఎక్కువైతే త్వరణం పుడుతుందని. త్వరణం అంటే వేగం కాదర్రా, వేగం పెరుగుతూ పోవడం అని పిల్లలకు వందలసార్లు చెప్పి ఉంటాను. ఆ తేడా నా కడుపులోకి దిగింది ఆ వాలు మీదే. వేగంగా పోతున్నాననే భయం ఒకటైతే, ఇంకో క్షణానికి ఇంతకన్నా వేగంగా పోతానన్న భయం దాని అమ్మమ్మ.

ఎడమచేతి వేళ్లు చాచాను. ఏమీ లేదు. రబ్బరు పిడి తప్ప ఏమీ లేదు.

చూశాను. నిజంగానే లేదు. మన దగ్గర ఎడమచేతి కింద వెనక చక్రం బ్రేకు ఉంటుంది. అది లేని సైకిల్‌ను నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కుడిచేతి కింద ఒకటి ఉంది, ముందు చక్రానిది. దాన్ని పట్టుకోబోయి వేళ్లు వెనక్కి లాక్కున్నాను. మా అన్న సైకిల్ నేర్పినప్పుడు పెడల్ మీద కాలు పెట్టక ముందే చెప్పిన మాట ఒకటుంది. "కుడి బ్రేకు ముట్టకు, బోర్ల పడతవ్." ఎందుకు పడతామో తర్వాత నేనే పిల్లలకు చెప్పాను. ముందు చక్రం ఆగుతుంది, పైనున్న మనిషి ఆగడు. కదిలే వస్తువు కదులుతూనే ఉండాలని చూస్తుంది, దాని పేరు జడత్వం. నేను హ్యాండిల్ మీద నుంచి ఎగిరి పడతాను. వెనకున్న పాప నాకు కట్టి ఉంది, అదీ ఎగురుతుంది. దూకేద్దామన్నా అంతే. దారంతో కట్టిన రెండు దిమ్మల లెక్క తెలియని టీచరుంటుందా? ఒకటి ఎటు పోతే రెండోదీ అటే. పాప క్షేమం కోసమని వేసిన ముడి అది. నేను పడితే నా బరువంతా దాని మీదే పడుతుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కాలు కిందికి దించాను. ఘర్షణ కావాలి నాకు, ఎక్కడిదైనా సరే. బూటు రోడ్డుకు తగలగానే ఎవరో విసిరికొట్టినట్టు కాలు వెనక్కి పోయింది, సైకిల్ వంకర తిరిగింది, పడబోయి నిలదొక్కుకున్నాను. కాలు మళ్లీ పెడల్ మీద పెట్టాను. రెండు పక్కలా ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు, ఒకాయన తీరుబడిగా మెట్లు ఊడుస్తున్నాడు. అందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. మేమిద్దరమే ఆగలేకపోతున్నాం.

కింద కూడలి కనిపించింది. అడ్డంగా పోయే పెద్ద రోడ్డు. ఎడమ వైపు నుంచి దుంగలు వేసుకున్న లారీ ఒకటి వస్తోంది. అది వచ్చే తీరూ, మేము పోయే తీరూ చూస్తే ఇద్దరమూ ఒకే చోటికి పోతున్నాం. రెండు వస్తువులు ఎప్పుడు కలుసుకుంటాయో కనుక్కోమని ఎన్ని పరీక్షల్లో ఇచ్చానో. అప్పుడు మాత్రం నాకు లెక్క రాలేదు, దేవుడి పేరు కూడా రాలేదు. నోరు తెరిచాను, కేక వచ్చింది. అది మాట కాదు. నాభి దగ్గర మొదలై గొంతు చీల్చుకుని వచ్చిన పొడవాటి కేక.

నా వెనక నుంచి పాప కూడా అరిచింది. అంతలోనే నా నడుము చుట్టూ ఉన్న చేతులు వదులయ్యాయి. లేవు. బెల్టు ఊడిందనుకున్నాను, ముడి జారిందనుకున్నాను, రోడ్డు మీద పడిపోయిందనుకున్నాను. తిరిగి చూస్తే సైకిల్ పడుతుంది, చూడకపోతే నా బిడ్డ ఉందో లేదో తెలియదు. అంత భయం నేను పురిటి గదిలో కూడా పడలేదు.

ఒళ్లంతా బిగుసుకుపోయింది. ఎదురుగా ఏదైనా వచ్చి మీద పడుతుంటే కాళ్లు తన్నిపెడతామే, అలా వెనక పెడల్ మీదున్న కాలిని ఉన్న బలమంతా పెట్టి తొక్కిపట్టాను. కీచుమంటూ వెనక చక్రం బిగుసుకుంది. సైకిల్ తోక ఒక పక్కకు ఈడ్చుకుపోయింది, రబ్బరు కాలిన వాసన వచ్చింది, కూడలి గీత దగ్గర ఆగిపోయాం. లారీ మా ముందు నుంచి పోయింది. దాని గాలికి నా కుర్తా ఎగిరింది.

ఏ బలం ఆపిందో నాకు తెలియలేదు. బయటి బలం లేకుండా ఏదీ ఆగదని చెప్పి బతికినదాన్ని, బతికాక అది ఏ బలమో చెప్పలేకపోయాను. అప్పుడు తిరిగి చూశాను. పాప సీట్లోనే ఉంది. బెల్టు ఉంది, ముడి ఉంది. జారుడుబల్ల మీద జారేటప్పుడు ఎత్తినట్టు చేతులు రెండూ పైకెత్తి పెట్టుకుంది.

ముడి విప్పుదామంటే బిగుసుకుపోయి రాలేదు. దాన్ని అలాగే కట్టుకుని, సైకిల్‌కు ఆనుకుని ఏడ్చాను. ఏడుపు దానికి కనిపించకూడదని ముందుకు తిరిగి ఏడ్చాను.

"మమ్మీ, మనమెందుకు అరిచినం?"

పిల్లల ప్రశ్నలకు నేను జవాబు వెతుక్కున్న రోజు లేదు. ఆకాశం నుంచి చందమామ ఎందుకు పడదంటే చెప్పాను, బస్సాగితే ముందుకెందుకు తూలుతామంటే చెప్పాను. మనం చచ్చిపోతామని అరిచాం అని నాలుగేళ్ల పిల్లకు ఎలా చెప్పను? అది మళ్లీ సైకిలెక్కదు, మళ్లీ నన్ను నమ్మదు.

"సరదాకు, బిడ్డా."

"నాకు గూడ సరదా అయింది. మళ్లా పోదామా? ఇంకా ష్నెల్, ఇంకా ఫాస్ట్!"

మిగిలిన దారంతా సైకిల్ నడిపించుకుంటూ పోయాను. అడవికి వెళ్లే పిల్లలు గేటు దాటి పోయారు గానీ, వెనక నడిచే టీచరు మమ్మల్ని చూసి ఆగింది. పాప పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకుంది. నేను గోడ పట్టుకున్నాను.

సాయంత్రం సైకిల్ తిరిగి ఇస్తూ వచ్చీ రాని జర్మన్‌లో, వెనక చక్రానికి బ్రేకు లేదని చెప్పాను. ముసలావిడ నన్ను వింతగా చూసి వెనక చక్రం లేపి, పెడల్‌ను చేత్తో వెనక్కి తిప్పింది. చక్రం టక్కున ఆగింది. మన సైకిళ్లకు పెడల్ వెనక్కి తిప్పితే ఊరికే తిరుగుతుంది. వాలు దిగేటప్పుడు కాలక్షేపానికి తిప్పుకుంటాం కూడా. ఇక్కడ ఆ తిప్పడమే బ్రేకు.

"నడక వచ్చిన ప్రతి పిల్లకూ ఇది తెలుసు," అందామె. "మరి మీ దేశంలో సైకిల్ ఎలా ఆపుతారు?" నేను ఎడమచెయ్యి ముందుకు చాచి గాల్లో వేళ్లు ముడిచి చూపించాను. ఆమె నవ్వబోయి, నా మొహం చూసి మానుకుంది. ఒక కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి టీ పెట్టింది.

మా ఆయనకు జరిగింది మొత్తం చెప్పలేదు. కొంచెం జోరుగా దిగామని మాత్రం చెప్పాను. శనివారం క్లాసులో ఘర్షణ పాఠం వచ్చింది. దానివల్ల లాభమా నష్టమా అని ఒక పిల్లవాడు అడిగితే మైకు ఆపేసి, వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. వాళ్ల నెట్ పోయిందనుకుని "టీచర్, వినిపిస్తోందా?" అని అరుస్తూ ఉండిపోయారు.

పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. సొంత సైకిలుంది, పెడల్ వెనక్కి తొక్కి ఆపడం నాకన్నా బాగా వచ్చు. ఆ వాలు రోడ్డు దిగేటప్పుడు మాత్రం చేతులు హ్యాండిల్ మీదే ఉంచి, తల వెనక్కి వాల్చి ఒక కేక పెడుతుంది. దాని స్నేహితురాళ్లు కూడా నేర్చుకున్నారు. పక్క వీధి వరకు వినిపిస్తుంది, జనం చూసి నవ్వుకుంటారు. ఆ కేక నాది. నాభి దగ్గర మొదలయ్యే ఆ సాగదీత, చివర గొంతు చీలడం, ఒక్క జీర కూడా తేడా లేకుండా నాదే. నా బిడ్డ చచ్చిపోతుందనుకున్నప్పుడు నా నోట వచ్చిన కేక అది. పాపకు అది సంతోషం. సరదా అని చెప్పింది నేనే కాబట్టి ఇప్పుడు కాదనలేను. పాప కింద కూడలి దగ్గర ఆగి, నాకు చెయ్యి ఊపే వరకు గుట్ట పైన నిలబడి ఊపిరి బిగబట్టుకుంటాను.