మూడో తరగతిలో టబ్బుల లెక్క

ఆ శనివారం పొద్దున పదిన్నరకు మా కాలనీ బడి మూడో తరగతి గదిలో ఉన్నవారు, ఉన్నవి ఇవి. ఇన్‌స్పెక్టర్ గారు ఒకరు. హెడ్‌మాస్టర్ నర్సయ్య సార్ ఒకరు, ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా. కుర్చీ ఒకటి, నల్లబల్ల ఒకటి, ఖాళీ బల్లలు కొన్ని. పాఠం చెప్పవలసిన మనిషిని నేనొకణ్ణి, చేతిలో సుద్దముక్కతో. పిల్లలు లేరు. నలభై ఒక్కమందీ బయట వేపచెట్టు కింద పలకలు బోర్లించి సమ్మెలో కూర్చున్నారు.

ఎనిమిదేళ్ళ పిల్లల చేత సమ్మె చేయించడం అందరికీ చేతనయ్యే పని కాదు. పెద్దవాళ్ళ చేత చేయించడానికే నాయకులకు నెలలు పడతాయి. నాకు సోమవారం నుంచి శుక్రవారం దాకా సరిపోయింది. ఎలాగో చెబుతాను. నవ్వదలచినవారు మొదటి నుంచే నవ్వవచ్చు, తరువాత తీరిక దొరకకపోవచ్చు.

అప్పుడు నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. మైనింగ్ డిప్లొమా పూర్తి చేసి, గోదావరిఖనిలో సరోజక్కా బావా వాళ్ళ క్వార్టరులో ఉంటూ, ఇంటర్వ్యూ కాగితం కోసం పోస్టుమన్‌ను పెళ్ళికూతురి తండ్రిలా కాచుకుని ఉండేవాణ్ణి. లోకంలో కొలవలేనిది ఏదీ లేదని నా నమ్మకం. కొలవలేనిది ఉందని ఎవరైనా అంటే, వాళ్ళ దగ్గర సరైన పరికరం లేదనుకునేవాణ్ణి.

అక్క ఆ కాలనీ బడిలో రెండేళ్ళుగా టెంపరరీ టీచరు. ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఆమె తరగతి చూసి, నాలుగు మంచి ముక్కలు రాస్తే పర్మినెంటు. రాయకపోతే ఇంటికి. ఆయన వచ్చేది శనివారమని కబురు రాగానే, ఆ ముందటి ఆదివారమే అక్కకు గవదబిళ్ళలు వచ్చాయి. రెండు చెంపలూ నూనెలో వేసిన పూరీల్లా పొంగాయి. గడ్డం కింది నుంచి నడినెత్తికి గుడ్డ కట్టుకుని కూర్చుంటే, పార్సిలు కట్టి ఎక్కడికో పంపబోతున్న మనిషిలా ఉంది. వారం దాకా పిల్లల దగ్గరికి పోవద్దని దవాఖానలో చెప్పారు.

నర్సయ్య సార్ చూడవచ్చి గడపలోనే నిలబడ్డాడు. ఆయనకు చిన్నప్పుడు గవదబిళ్ళలు రాలేదట.

"ఫికర్ వెట్టుకోకు సరోజమ్మా. ఇన్‌స్పెక్టర్ చూసేది పిల్లలను, నీ దవుడలను గాదు. వారం దినాలు క్లాసు నడిపే మనిషినొకన్ని ఇయ్యి, చాలు."

అందరూ నన్ను చూశారు. నేను కూడా నన్నే చూసుకున్నాను, గర్వంగా.

ఆ రాత్రి అక్క పళ్ళ మధ్య నుంచి మాటలు జారవిడుస్తూ వారం పని అప్పజెప్పింది. "సోమవారం సదువు. మంగళవారం లెక్కలు. బుధవారం మట్టి బొమ్మలు. గురువారం తోట పని. శుక్రవారం కతలు. శనివారం బాలసభ. రెండేండ్ల సంది గిట్లనే నడిపిస్తున్న. నువ్వు గూడ గిట్లనే నడిపియ్యి. నీ తెలివి ఏం కలుపకు."

"అక్కా, ఇందులో ఉత్పత్తి ఎక్కడున్నది?"

"ఏది?"

"ఉత్పత్తి. పిల్లలు ఎంత నేర్చిన్రో వారం ఆఖరికి ఎట్ల తెలుస్తది?"

"వాళ్ళ మొకాలు చూస్తె తెలుస్తది."

ముఖాలు చూసి చెప్పే పరికరం మా పాలిటెక్నిక్ ల్యాబులో లేదు. అక్కకు శాస్త్రీయ దృష్టి లేదని జాలిపడి, దీపం దగ్గర కూర్చుని నా పద్ధతి తయారు చేశాను.

గనిలో, అంటే ఇక్కడివాళ్ళు బాయి అనే దాంట్లో, బొగ్గును పట్టాల మీద నడిచే ఇనుప టబ్బులకు ఎత్తేవాళ్ళను ఫిల్లర్లంటారు. కొందరు కలిసి ఒక గ్యాంగు. నింపిన టబ్బు మీద సుద్దతో తమ గ్యాంగు నంబరు వేస్తారు. టబ్బు పైకి వచ్చాక ఆ నంబరు చూసి ఎవరి ఖాతాలో ఎన్ని టబ్బులో లెక్క కడతారు. ఇంత చక్కని ఏర్పాటు బొగ్గుకు ఉండి చదువుకు ఎందుకు ఉండకూడదు? పిల్లలను గ్యాంగులుగా విడగొట్టాలి. పలకే టబ్బు. పలక నిండితే ఒక టబ్బు. మూలన గ్యాంగు నంబరు. నల్లబల్ల మీద లెక్క నాది.

ఇక బహుమతి. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కే మా బడి గంట. దాని మీద ఇనుప కడ్డీతో మోదే భాగ్యం కోసం ఆ పిల్లలు అన్నం మానమన్నా మానేవారు. ఏ గ్యాంగు టబ్బులు ఎక్కువైతే ఆ సాయంత్రం ఇంటి గంట ఆ గ్యాంగుది.

ఒక్క సంగతి నా లెక్కలోకి రాలేదు. ఆ నలభై ఒక్కమందీ ఫిల్లర్ల పిల్లలు. నేను టబ్బును పుస్తకంలో బొమ్మగా చూశాను. వాళ్ళు రోజూ సాయంత్రం జొన్న రొట్టెతో పాటు టబ్బుల ముచ్చట్లు నంజుకుని పెరిగినవాళ్ళు.

సోమవారం అద్భుతం. పలకలు వరదలా వచ్చాయి. నల్లబల్ల చాలక గోడ మీద కూడా గీతలు పెట్టాను. పిల్లలు అప్పుడే నాకు బదిలి సారు అని పేరు పెట్టారు, బాయిలో ఒకరి బదులు డ్యూటీకి దిగేవాణ్ణి బదిలి అంటారు కనుక. నాకు నచ్చింది. ఇంటికి పోయి అక్కకు అంకెలు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు నన్ను చూసి, "ఏం రాసిన్రురా వాళ్ళు?" అంది.

అది నేను చూడలేదు.

మంగళవారం లెక్కల పూట ఓదెలు అనే పిల్లవాడు పలక తెచ్చాడు. నిక్కరు ఒక చేత్తో పట్టుకుంటే తప్ప నిలవని మనిషి. పలక మీద రెండూ రెండూ నాలుగు అని ఒకే ఒక్క లెక్క. ఒక్కొక్క అంకె మామిడికాయంత.

"ఏందిరా ఇది?"

"టబ్బు సార్."

"ఒక్కటే లెక్కున్నది."

"నిండింది గద సార్."

నిండింది. ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. "ఇది నిండుడు కాదు, లోపలంత బోలు," అన్నాను.

"బాయిల గూడ పెద్ద పెద్ద పెళ్ళలు అడ్డం వెట్టి లోపల బోలుగ నింపుతరు సార్. మా నాయిన చెప్పిండు."

"మీ నాయిన అట్ల నింపుతడా?"

"మా నాయిన నింపడు. పక్క గ్యాంగోళ్ళు."

వెనక బల్ల నుంచి ఇంకొకడు లేచాడు. "మా నాయిన గూడ చెప్పిండు సార్. పక్క గ్యాంగోళ్ళేనట."

పలకకు పది లెక్కలకు తక్కువైతే టబ్బు కాదని రూలు పెట్టాను. మధ్యాహ్నం దాకా రూలు బాగానే నిలిచింది. ఆ తరువాత రాజమ్మ వచ్చింది. రెండు జడలు, పై వరుసలో రెండు పళ్ళు లేవు. తండ్రి బాయి గేటు దగ్గర యూనియన్ మీటింగుల్లో మాట్లాడే మనిషని నాకు అప్పటికి తెలియదు.

"సార్, మా టబ్బు దొంగతనమైంది. మా నంబరు తుడిచి ఓదెలు గ్యాంగోళ్ళు వాళ్ళ నంబరు ఏసుకున్నరు."

"సాక్ష్యం ఏది?"

"వాసన చూడుండ్రి సార్. ఉమ్మి వెట్టి తుడిచిన్రు."

వాసన చూశాను. డిప్లొమాలో ఈ పరీక్ష లేదు. ఉమ్మి వాసన వచ్చింది. న్యాయం కోసం రాజమ్మ గ్యాంగు పలకలు కూడా చూశాను, అక్కడా వచ్చింది. సాయంత్రానికి తరగతిలోని పలకలన్నీ వాసన చూసి తల తిరుగుతూ ఇంటికి చేరాను. పలక తుడవడానికి ఆ పిల్లలు ఏనాడూ నీళ్ళు వాడలేదని అక్క చెప్పింది.

బుధవారం మట్టి బొమ్మలు. అక్క చేయిస్తే ఎడ్లబండి, కుండ, లాంతరు వచ్చేవట. నేను ఇన్ని బొమ్మలకు ఒక టబ్బు అన్నాను. గంటలో బల్లల మీద గోలీకాయలు గుట్టలు పడ్డాయి.

"ఇదేం బొమ్మ?"

"కోడిగుడ్డు సార్."

"ఇది?"

"ఇంకో కోడిగుడ్డు."

"మరి కోడేది?"

"కోడికి ఆలస్యమైతది సార్. గుడ్లైతెనే ఉత్పత్తి."

మాట నాదే. తిరిగి తీసుకోలేకపోయాను.

గురువారం గురించి క్లుప్తంగా రాస్తాను, నర్సయ్య సార్ చదివే అవకాశం ఉంది. బడి వెనక ఆయన కడుపున పుట్టినవాళ్ళలా సాకిన వంగతోట ఉండేది. అక్కడ గడ్డి పీకించాలి. బుట్టెడు పీకితే ఒక టబ్బు అని చెప్పి, నేను నీడకు పోయి వారం ఉత్పత్తికి గ్రాఫు గీస్తూ కూర్చున్నాను. గీత పైకి పోతూ ఉంది. గడ్డి పది బుట్టలకే అయిపోయిందన్న సంగతి గ్రాఫులో కనిపించదు.

నర్సయ్య సార్ కేక విని పరుగెత్తాను. నేల నున్నగా ఉంది, అరచేయిలా.

"నా వంకాయ చెట్లేవి?" అన్నాడు ఆయన, చాలా మెల్లగా.

ఓదెలు ముందుకు వచ్చి, ఎడమ చేత్తో నిక్కరు, కుడిచేత్తో బుట్టల వరుస చూపించాడు. "గివే సార్, ఏడు టబ్బులు."

శుక్రవారం పొద్దున నర్సయ్య సార్ నన్ను పక్కకు పిలిచి అన్న మాటలు అచ్చుకు పనికిరావు. ఆ మంట నేను పిల్లల మీద దించాను. టబ్బులన్నీ రద్దు. గెలిచినవాళ్ళూ లేరు, ఓడినవాళ్ళూ లేరు. గంట ఇకనుంచి నేనే కొడతాను. కొట్టాను కూడా. దాచడం ఎందుకు, ఆ కడ్డీతో మోదుతుంటే నాకు ఒళ్ళంతా సంబరంగానే ఉంది. చాలాసేపు కొట్టాను.

పిల్లలు కదల్లేదు. రాజమ్మ లేచింది.

"సార్, నోటీసు ఇయ్యకుంటనే గంట బంద్ వెడ్తరా?"

"పెడ్త. ఏం చేస్తవు?"

"ఏం చెయ్య. మా నాయిననడుగుత."

అడిగింది. ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు, కాని శనివారం పొద్దున బడికి వెళ్ళేసరికి వేపచెట్టు కింద ఆ దృశ్యం సిద్ధంగా ఉంది. వరుసలు తాడు పట్టి కట్టినంత సరిగ్గా ఉన్నాయి. నేను ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా వాళ్ళను అంత సరిగ్గా కూర్చోబెట్టలేకపోయాను.

"లోపలికి రాండ్రి, ఇన్‌స్పెక్టర్ వస్తుండు," అన్నాను.

"డిమాండ్లు ఒప్పుకుంటేనే," అంది రాజమ్మ.

"మీ టీచరు నౌకరీ పోతదే. దండం పెడ్త, లోపలికి నడువుండ్రి."

నౌకరీ మాట వినగానే తలలు దగ్గరికి చేరాయి. గుసగుసలు నడిచాయి. దారికొస్తున్నారని ఊపిరి తీసుకున్నాను. రాజమ్మ తల ఎత్తి, "ఇంకో డిమాండు కలిపినం సార్," అంది.

అప్పుడే జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ గారు నేరుగా తరగతిలోకి వచ్చి, ఖాళీ బల్లలను అటు నుంచి ఇటు చూసి, "పిల్లలేరి?" అన్నారు. నర్సయ్య సార్ నా వెనక్కి జరిగాడు. ఆ గదిలో అక్క ఉద్యోగం ఒక్క నూలుపోగుకు వేలాడుతూ ఉంది, అలా వేలాడదీసింది నేను.

"బాలసభ సార్. ఆరుబయట," అన్నాను.

"మంచిదే," అని ఆయన కుర్చీ బయటికి వేయించుకున్నారు.

రాజమ్మ లేచి గొంతు సవరించుకుంది. "కార్మిక సోదరులారా," అని మొదలుపెట్టింది. బడిలో కార్మికులు ఎవరని ఇన్‌స్పెక్టర్ గారు అడగలేదు. ఐదు రోజుల కథంతా ఆ పిల్ల పూసగుచ్చినట్టు చెప్పింది. పళ్ళు లేని సందులోంచి గాలి పోతున్నా మాట మాత్రం పోలేదు.

"మొదటి డిమాండు. గంట ఒక్కలది గాదు, అందరిది. రోజుకొకల తోని కొట్టియ్యాలె. రెండో డిమాండు. మా పలకలు వాసన చూసుడు బంద్ చెయ్యాలె. మూడోది. మా సరోజ టీచరును పర్మినెంటు చెయ్యాలె, గీ బదిలి సారును ఇంటికి పంపాలె."

"పంపాలె," అన్నాయి నలభై గొంతులు.

ఇన్‌స్పెక్టర్ గారి మీసం కదులుతోంది. "మీ టీచరే ఎందుకు కావాలె బిడ్డా? ఈ సార్ బాగనే ఉన్నడు గద, పొడుగ్గ."

జవాబు ఓదెలు చెప్పాడు. "టీచరు మేం రాసింది సదువుతది సార్. గీ సారు లెక్కవెడ్తడు."

ఇన్‌స్పెక్టర్ గారు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నారు. తరువాత ఆయన టీచరు నేర్పిన పద్యం చదవమన్నారు, చదివారు. ఎక్కాలు అడిగారు, ఎక్కడా తడబడకుండా చెప్పారు. అందులో నా ఐదు రోజుల ఉత్పత్తి ఎక్కడైనా కలిసి ఉందేమోనని చెవులు రిక్కించి విన్నాను. లేదు.

"నాటకం మంచిగ కట్టిన్రు," అన్నారు ఆయన లేస్తూ. "బదిలి సారు వేషం ఎవలది?"

నలభై ఒక్క వేళ్ళు నా వైపు లేచాయి. కాసేపటికి నర్సయ్య సార్ వేలు కూడా లేచింది.

"మంచిగ ఒదిగినవు," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు నాతో. "ఏం సదివినవు?"

"మైనింగ్ డిప్లొమా సార్."

"అయితే బొగ్గు కాడికే పో నాయనా. అది ఎదురు మాట్లాడది."

ఇన్‌స్పెక్టర్ గారు రాసి ఇచ్చి పోయిన ముక్కలను ఆ మధ్యాహ్నం నర్సయ్య సార్ మా గడప అవతలి నుంచే గట్టిగా చదివి వినిపించాడు. ఈ తరగతి పిల్లలు భయం లేకుండా మాట్లాడుతున్నారు, అది వారి టీచరు గొప్పతనం, ఆమెను పర్మినెంటు చేయవచ్చు. అక్కకు జరిగిందంతా చెబుతుంటే రెండు చేతులతో దవడలు పట్టుకుంది. "నవ్వియ్యకురా, పానం పోతది," అంటూ గోడకు చేరగిలబడి కన్నీళ్ళు కారేదాకా నవ్వింది. బావ కూడా నవ్వాడు. గడప అవతల నర్సయ్య సార్ మాత్రం నవ్వలేదు, ఆయనకు వంకాయలు గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం నల్లా దగ్గర కాళ్ళు చేతులు కడుక్కుని, తూర్పుకు తిరిగి, చెంబును సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేశాను. ఇకమీదట బొగ్గును తప్ప దేన్నీ టబ్బుల్లో కొలవను. రాసిన పలకను చదవకుండా గీత పెట్టను. రెండు జడలు, ఊడిన పళ్ళు ఉన్నవారితో నోటీసు లేకుండా తగువుకు దిగను. ప్రాణం పోయినా సరే, ఈ మాట తప్పను.

ప్రమాణం చేసి నాలుగేళ్ళయింది. ఇప్పటికి మూడుసార్లు తప్పాను.