కాపీలో వచ్చిన గిటారు

రెండేళ్ల క్రితం ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, నా రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉందనగా, మదురై అవతల ఉన్న కంబం పక్కన ఒక ద్రాక్షతోట ఇంట్లో ఉన్న పాత ఎలక్ట్రిక్ గిటారును పరీక్షించి రమ్మని మా సంస్థ నన్ను పంపింది. నన్నొక్కణ్ణే పంపి ఉంటే ఆ ప్రయాణం హాయిగా గడిచేది. సంపత్తును కూడా పంపింది.

కోయంబత్తూరులో మా సంస్థ పని పాత వాద్యాలను కొని, బాగుచేసి, అమ్మడం. అమ్మే ముందు ప్రతి వాద్యానికీ ఒక ధ్రువపత్రం ఇస్తాం. అది ఏ దేశంలో తయారైంది, ఏ చెక్కతో చేశారు, ఏ భాగాలు తర్వాత మార్చారు అన్నవి అందులో ఉంటాయి. బల్ల దగ్గర పనిచేసే మెకానిక్కుల మీద పరీక్షకులు, వాళ్ల మీద ప్రధాన పరీక్షకుడు. పత్రం మీద సంతకం ఆయనొక్కడిదే. ఆ ఏడు ఆ కుర్చీ ఖాళీ అయింది. కింద మిగిలిన పరీక్షకులం ఇద్దరమే, నేనూ సంపత్తూ.

సంపత్తుది అన్నూరు. మాదీ ఆ పక్క పల్లెటూరే. మా ఇళ్లలో మాట్లాడేది ఒకే తెలుగు, సగానికి సగం తమిళం కలిసిన తెలుగు. నాకన్నా చాలా చిన్నవాడు, నన్ను నోరారా ‘అన్నా’ అనేవాడు. అతనంటే నాకు ఓర్వలేనితనం. దాన్ని ఇంకో పేరుతో పిలవడం నాకు చేతకాదు. నేను గిటారును విప్పి చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలను గానీ, దాని మీద ఒక్క పాట వాయించలేను. అతను వాయిస్తాడు. నేను గంటసేపు మరలు విప్పి చెప్పిన మాటకు ‘సరి’ అని తలూపే గిరాకీలు, అతను రెండు తీగలు మీటగానే కుర్చీలు దగ్గరికి లాక్కునేవారు. అది చూసినప్పుడల్లా నా కడుపు మండేది.

కంబం గిటారు ఫోటో ఆఫీసుకు వచ్చినప్పుడే మా ఇద్దరికీ పేచీ మొదలైంది. గిటారు తల మీద పేరున్న ఒక అమెరికా కంపెనీ ముద్ర ఉంది. ఫోటోతో పాటు ఆ ఇంటి కుర్రాడెవరో తీగలు మీటి ఫోనులో పంపిన శబ్దం విని, ఇది అసలుదేనన్నాడు సంపత్తు. నేను కాదన్నాను. డెబ్బైలలో జపాను కార్ఖానాలు అమెరికా గిటార్లను అచ్చుగుద్దినట్టు చేసి ప్రపంచమంతా అమ్మాయి. కొన్ని సొంత పేర్లతో వచ్చేవి. కొన్నిటి పేరు చెరిపి, అమ్మిన అంగడివాళ్లే అమెరికా పేరు అంటించేవారు. బొమ్మలో చూస్తే రెండూ కవల పిల్లలే. మా యజమాని ఇద్దరి మాటా విని, ‘ఇద్దరూ పోయి రండి. ఎవరి మాట నిలబడితే ఈ పత్రం మీద వాళ్లే సంతకం పెట్టండి’ అన్నారు. ఆ సంతకం అంటే ఆ కుర్చీయే అని ఇద్దరికీ అర్థమైంది. ఆ క్షణం నుంచి అది జపాను కాపీ కావాలని నేను మొక్కుకోని దేవుడు లేడు.

ఆ ఇంటి పెద్ద రాజమ్మక్క, మాలాగే తమిళం కలిసిన తెలుగు మాట్లాడే ఇంటి మనిషి. డెబ్బై దాటిన మనిషి, ఇప్పటికీ తోటలో కూలీలను తనే నడిపిస్తుంది. ఆమె భర్త రామసామి వయసులో మదురైలో ఒక మెల్లిసై బృందంలో, అంటే కచేరీలకు సినిమా పాటలు వాయించే గుంపులో, గిటారు వాయించేవాడు. తర్వాత సొంత ఊరు వచ్చి ద్రాక్ష వేశాడు. ముందు ఏడు పోయాడు. గిటారును బెంగుళూరు మనిషి ఒకరు కొంటామన్నారని నేను మొదలుపెట్టగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

“అమ్మేది తర్వాత మాట తంబీ. నాకు ఒక్కటి తెలియాల. ఆ గుంపులో ఒక పాటగత్తె ఉండె. ఆమె తన కాప్పు అమ్మి దీన్ని ఈయనకు కొనిచ్చింది. కొనిచ్చిందా లేదా, నువ్వు విప్పి చూసి చెప్పు.”

కాప్పు అంటే చేతికి వేసుకునే బంగారు కడియం. తమిళ మాటే, మా ఇళ్లలోనూ అదే అంటాం. ఎవరు డబ్బిచ్చారో చెక్క చెప్పదక్కా అన్నాను.

“మరి ఏమిటికి వస్తిరి అంత దూరం?” అంది.

సంపత్తు నవ్వి, ఆ సంగతి మీకెవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పలేదట, తన చెవులారా విన్నదట. కొత్తగా మదురైలో కాపురం పెట్టిన రోజులు. ముందు గదిలో డ్రమ్ములు వాయించే ఆయన ఎవరితోనో గిటారును చూపించి తమిళంలో ‘అదు కాప్పుల వందదు’ అన్నాడట, అది కాప్పులో వచ్చింది అని. ఆమె వంటింట్లో ఉంది. ఆ గుంపులో కాప్పు వేసుకునే ఆడది ఆ పాటగత్తె ఒక్కతే. మధ్యాహ్నం అన్నం పెడుతూ భర్తను సూటిగానే అడిగింది, ఇది కాప్పులో వచ్చిందేనా అని.

“ఆయన కొంచమన్నా బెదరలేదు సామీ. ‘ఆమా, అవును, దానికేమి? మదురైలో సగం మంది చేతిలో ఉండేది అట్లాంటిదే’ అన్నాడు. సిగ్గనేది ఉండాలి కదా మొగోడికి!”

చెబుతుంటే ఆమె ముఖం నిన్న జరిగినట్టు ఎర్రబడింది. అసూయ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టి ఆమె మీద నాకు గౌరవం కలిగింది. నాది ఆఫీసు అసూయ, ఆమెది కాపురమంత అసూయ.

పరీక్షకు మాకొక వరస ఉంది. ముందు విప్పకుండా చూడాలి, వినాలి. సంపత్తు తన చిన్న యాంప్లిఫయరుకు గిటారును తగిలించి ఏదో పాత పాట ఎత్తుకున్నాడు. రాజమ్మక్క గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. తర్వాత ద్రాక్షపళ్లు తెచ్చి పళ్లెం అతని ముందు పెట్టింది. అందని ద్రాక్ష పుల్లన అంటారు. కంబంలో చేతికి అందిన ద్రాక్ష కూడా ఆ పూట నాకు పుల్లగానే ఉంది.

ఆ తర్వాత నా వంతు. గిటారును బోర్లా తిప్పాను. మెడ, అంటే తీగలు సాగే పొడుగాటి భాగం, ఒంటికి నాలుగు మరలతో బిగించి ఉంది. ఈ నమూనాలో అమెరికావాళ్లు మెడను జిగురుతో అతికిస్తారు, మరలు కొట్టరు. నేను తలెత్తి సంపత్తు వైపు చూశాను. “మెడ విరిగితే మదురైలో ఎవరో మర కొట్టి ఉండొచ్చు కదన్నా” అన్నాడు. అనవచ్చు. అలాంటివి నేనూ చూశాను. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదన్నది మా పనిలో మొదటి నియమం.

రెండోది చెక్క. అసలు గిటారు పైభాగం దళసరి మేపుల్ చెక్కను ఉబ్బెత్తుగా చెక్కి చేస్తారు. జపాను కాపీల్లో చాలావాటికి పల్చటి పొరలను కలిపి అచ్చులో నొక్కి ఆ ఉబ్బు తెప్పిస్తారు. కింద బోలుగా ఉంటుంది. వేలితో తడితే తెలుస్తుంది గానీ తట్టిన శబ్దం సాక్ష్యం కాదు. పికప్ ఊడదీశాను. తీగ కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు పెట్టె అది. అది కూర్చున్న గుంట అంచున టార్చి వేస్తే చెక్క పొరలు ఒకదాని మీద ఒకటి, లెక్కపెట్టుకోవచ్చునన్నంత స్పష్టంగా కనిపించాయి. వాటి కింద చీకటి. పికప్ పైకి అసలుదానిలాగే రెండు రాగితీగ చుట్టల పెట్టెలా ఉంది, లోపల ఉన్నది ఒక్క చుట్టే. వీపున సిరాతో కొట్టిన అంకెలు. జపానువాళ్లు తయారైన కాలాన్ని అలా అంకెల్లో వేసేవారు. చివరిగా, తీగలను మోసే వంతెన మరకు నా పెట్టెలోని మిల్లీమీటరు నట్టు పెట్టి తిప్పాను. వెన్నలా ఎక్కింది. అమెరికా మరలు అంగుళాల కొలతవి, దాన్ని ఎక్కనివ్వవు. తల మీది ముద్ర గోటితో గీకితే అంచు లేచింది, అది స్టిక్కరు.

సంపత్తు టార్చి తీసుకుని అన్నీ తనూ చూశాడు. “మీరు చెప్పిందే సరియన్నా” అన్నాడు. ముఖంలో కందగడ్డ రంగు కోసం వెతికాను, లేదు. ఓడిపోయి కూడా నవ్వే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గెలిచినవాడి గొంతుతో రాజమ్మక్క వైపు తిరిగాను. “అక్కా, ఇది అమెరికాది కాదు. ఆ కాలంలో మదురై అంగళ్లలో దొరికిన గిటార్లన్నీ ఇట్లాంటివే. ఇదీ జపాన్ కాపీలో వచ్చిందే.”

ఆమె దిగ్గున లేచింది. కుడి చెయ్యి ఎడమ మణికట్టును పట్టుకుంది. “చూస్తివా! నువ్వూ అదే చెప్పేస్తివి. కాప్పులో వచ్చిందని!”

నాకేమీ అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి పొరలు, మరలు అని వివరించబోయాను. సంపత్తు నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. యాంప్లిఫయరు కట్టేసి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“అక్కా, అన్న చెప్పింది కాప్పు కాదు. కాపీ. చూసి చేసినది, నకలు. ఆ డ్రమ్ములాయన తమిళంలో ఏం చెప్పినాడో ఇంకోసారి చెప్పండి.”

“కాప్పుల వందదు.”

“కాప్పిల వందదు అని ఉంటాడు, కాపీలో వచ్చింది అని. గిటారు వాయించేవాళ్లం అట్లానే మాట్లాడుకుంటాం. మీరు వంటింట్లో ఉండి విన్నారు.”

ఆమె పెదవులు ఆ రెండు మాటలనూ మార్చి మార్చి పలికాయి. తమిళంలో వాటికి ఒక్క అక్షరమే తేడా. దూరం నుంచి వింటే అదీ ఉండదు. భర్తను అడిగినప్పుడు ఆయన చెవికి చేరింది కాపీ అనే మాట. అందుకే ఆమా అన్నాడు, సగం మంది చేతిలో అదే ఉందన్నాడు. అబద్ధం చెప్పని మనిషి, అడిగినదానికే జవాబు చెప్పాడు. ఆమెకు అది తప్ప వేరే సాక్ష్యం ఎన్నడూ లేదు.

ఆ గిటారులో ఉన్న చెక్కనూ మరనూ లోహాన్నీ కనిపెట్టినవాణ్ణి నేను. ఆమెకు కావలసినదాన్ని కనిపెట్టింది అతను, కళ్లతో కాదు, చెవితో. ఆ చెవి నాకు లేదు. అప్పుడు కలిగిన అసూయ ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.

రాజమ్మక్క మాత్రం అతన్ని మరేమీ అడగలేదు. నా దగ్గరికి వచ్చింది. “తంబీ, నువ్వు చూసి చెప్పేవాడివి కదా. దీన్ని ఆయన ఎన్నాళ్లు వాయించి ఉంటాడు?”

అది ఫ్రెట్లు చెబుతాయి. మెడ మీద అడ్డంగా కొట్టిన లోహపు పట్టీలవి. తీగను ఏళ్ల తరబడి వాటికి నొక్కి వాయిస్తే తీగ కింద గాడి పడుతుంది. బాగా వాయించిన గిటారు ఫ్రెట్లను పూర్తిగా మార్చాల్సి వస్తుంది కూడా. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో వాలుగా పట్టి చూశాను. మొదటి రెండు మూడు పట్టీల మీద గోరు గీసినంత జాడ. మిగతావి కార్ఖానాలో కొట్టినప్పటి గుండ్రంతోనే ఉన్నాయి.

“ఎక్కువ లేదక్కా. కొన్న కొత్తలో కొన్నాళ్లు. అంతే.”

“ఆమా,” అంది. “నేనే వద్దంటిని. అది ఇంట్లో మోగితే అన్నం ముట్టనని చెప్పినాను. సరి అన్నాడు. గుంపు విడిచి ఊరికి వచ్చి, దీన్ని తీసి మిద్దె మీద పెట్టేసినాడు. మళ్లీ దించలేదు.”

సంపత్తు యాంప్లిఫయరు పెట్టెలో సర్దేశాడు. నేను పికప్ గుంటలో పెట్టి మరలు బిగించాను. గిటారు అమ్మనని ఆమె చెప్పింది. వెళ్లొస్తామంటే తలూపింది.

నివేదిక నేను రాశాను, అందులో ఒక్క మాట కూడా ఎవరూ మార్చలేదు. అమ్మకం లేదు కాబట్టి ధ్రువపత్రం అవసరం లేకపోయింది, సంతకమూ లేకపోయింది. నాకు మిగిలింది ఒక్క ఏడాదే కదా అని కుర్చీ సంపత్తుకిచ్చారు. బాగా చేస్తున్నాడని విన్నాను. వినకపోయినా బాగుండేది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఆ రోజు నుంచి నేను చెబుతూ వచ్చినది ఒకటుంది. మెడ, చెక్క, పికప్, మర ఏ వరసలోనైనా చూడండి. అవి గిటారు గురించి చెబుతాయి. ఫ్రెట్లు వాయించిన మనిషి గురించి చెబుతాయి, వాటికి మా పత్రంలో గడి లేదు. వాటిని చివర చూడండి, ఇంటివాళ్లు ఎదురుగా లేనప్పుడు చూడండి. ఎదురుగా ఉండి అడిగితే ఉన్నది చెప్పక తప్పదు.