నూనె ఓడ తాత

దెయ్యం గియ్యం అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశాను. పొగ వస్తే ఎక్కడి నుంచి వస్తోందో వెతకడమే నాకు తెలుసు.

మాది కణేకల్ దగ్గర పల్లె. అమ్మ ఇంకా అవ్వ కడుపులో ఉండగానే, కరువుకు తాళలేక ఆమె తండ్రి, అంటే మా తాత, మద్రాసు వెళ్లి రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ ఇంజను పనికి చేరాడు. అది యుద్ధనౌకలకు నూనె మోసే ఓడ అని ఉత్తరం రాయించాడట. నూనె అంటే మా సీమలో వేరుశనగ నూనే కదా! "మీ తాత ఓడ నిండా మన చెనిక్కాయ నూనే" అని అవ్వ బొరుగులు కలుపుతూ గొప్పలు పోయేది. ఆ బొరుగుల రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. అది ఇంజన్లలో మండించే నల్లనూనె అని నాకు పెద్దయ్యాక తెలిసింది. అవ్వకు చెప్పబుద్ధి కాలేదు. అమ్మకు కూడా.

ఓడ మునిగిందని కాగితం వచ్చినా అవ్వ బొట్టు తీయలేదు. "చచ్చినాడని ఎవరు చూసినారు?" అనేది. పెద్దల అమావాస్యకు తాత పేరున విస్తరి వేయనిచ్చేది కాదు. అవ్వ పోయాక కూడా అమ్మ ఆ మాట దాటలేదు. పోయిన ఏడాది మాత్రం, ఎనభై దాటిన మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేనూ పోతే మా నాయనకు బువ్వ పెట్టేవాళ్లు యాడుంటారప్పా?"

సరే అన్నాను. ఆ అమావాస్య మధ్యాహ్నం విస్తరిలో ఓళిగలు, వడలు వడ్డించి, పక్కన కొత్త తెల్ల పంచె పెట్టాం. పెద్దలు వచ్చి తినేదాకా గది తలుపు మూయడం మా ఆనవాయితీ. ఆ గదికి కిటికీ లేదు. పంచె మీది కంపెనీ చీటీ నేనే చింపాను. అమ్మా నేనూ గడప బయటే కూర్చున్నాం.

కాసేపటికి తలుపు తీస్తే గుప్పున ఫర్నేస్ ఆయిల్ వాసన, ఓడ ఇంజన్లలో మండించే ఆ నల్లనూనెదే. విస్తరి పెట్టింది పెట్టినట్టే ఉంది. పంచె మడత మీద మాత్రం నల్లగా ఐదు వేళ్ల మరక. ముందు నా చేతులే చూసుకున్నాను, శుభ్రంగా ఉన్నాయి. నేను ఫ్యాక్టరీ మానేసి అప్పటికే రెండేళ్లు. ఇంట్లో బండి కూడా లేదు.

కప్పు, మూలలు, గోడలు అన్నీ వెతికాను. ఆ నూనె ఎక్కడిదో నాకు నేటికీ అంతుచిక్కలేదు.

అమ్మ ఆ మరక మీద తన అరచేయి ఆనించి చాలాసేపు కూర్చుంది. పుట్టాక ఆమె తన నాయనను తాకడం అదే మొదలు.

"రేయ్, వచ్చే ఏడు రెండు పంచెలు తే" అంది. "ఒగటి కట్టుకునేకి, ఒగటి చేతులు తుడుచుకునేకి."