పాలవ్యాన్ బావ వద్దన్న టైర్లు

ఒక మనిషి తన సొంత డబ్బుతో, సొంత తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, కన్నతల్లిని, అక్కను, పెళ్ళాన్ని, ఏడాది కూడా నిండని మేనకోడలిని తిరుత్తణి కొండ మలుపులో నడిరోడ్డు మీద దించేసిన వైనం ఇది. ఆ మనిషి నేనే. వెనక రెండు బస్సులు, ఒక టెంపో, లెక్కలేనన్ని బైకులు హారన్లు కొడుతుంటే నాకు ఆ రోజు నవ్వు రాలేదు. మీకు వస్తుంది. రానివ్వండి, నేనేమీ అనుకోను.

నాలుగేళ్ళ కిందటి మాట. మా ఊరు కడంబత్తూరు, ఉద్యోగం తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు. అన్నాళ్ళూ రైల్లో వేలాడుతూ పోయినవాణ్ణి, సెకండ్ హ్యాండులో ఒక చిన్న ఎస్‌యూవీ కొన్నాక దర్జాగా కారులో పోవడం మొదలుపెట్టాను. దాని టైర్లు అరిగిపోయిన సంగతి కనిపెట్టింది నేను కాదు, మా మనోహర్ బావ. బావ అంటే మా అక్క మొగుడు, పదిహేనేళ్ళుగా పాలవ్యాన్ తోలుతున్న మనిషి. మా ఇంటికి వచ్చి వాకిట్లో కాఫీ తాగుతూ టైరు మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరాడు.

"దామూ, ఇవి వానకి నిలిచేవి కాదు. మార్చేయి."

"ఏవి వేసేది బావా?"

"ఏముండాది, ఇప్పుడేసిండే సైజే ఎయ్యి. తారు రోడ్డు మింద పొయ్యే బండి గదా."

అక్కడితో నేను సరేనని ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు. కానీ పాలవ్యాన్ తోలే మనిషికి టైర్ల శాస్త్రం ఏం తెలుస్తుందని నా లోపలి మేధావి అడిగాడు. ఫోన్ తీశాను. నెలరోజులు ఆ ఫోన్ కింద పెట్టలేదు. ఆస్ట్రేలియా ఎడారిలో, ఐరోపా అడవుల్లో, ఎక్కడెక్కడో తెల్లవాళ్ళు టైర్లు పరీక్షిస్తుంటే నేను మా ఇంట్లో దోమతెరలో కూర్చుని తల ఊపుతున్నాను.

ఒకరోజు మా ఆవిడ దేవకి నా భుజం మీంచి తొంగి చూసింది.

"ఆ బండి మంచులో పోతాండాది. మనూర్లో మంచు యాడుండాది?"

"మార్గళి నెలలో తెల్లారుజామున పడదా?" అన్నాను.

"దాంట్లో టైర్లు జారవు. మీ అమ్మకి జలుబు చేస్తాది, అంతే."

ఆడవాళ్ళతో టైర్ల సంగతి మాట్లాడకూడదని అప్పుడు తీర్మానించుకున్నాను. నా వాదం వినండి, మీరైనా అర్థం చేసుకుంటారు. చిత్తిర ఎండకు మా తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంది. ఐప్పసి వానకు రైలు పట్టాల కింద దారి నీళ్ళతో నిండిపోతుంది. ఇక మా వరిమడికి పోవాలంటే రోడ్డు దిగి రెండు వందల అడుగులు బురదలో పోవాలి. ఎండ, వాన, బురద, మూడింటినీ గెలిచే టైరు కావాలి. ఆ మడికి నేను నెలకొకసారి కూడా పోనని, పోయినా రోడ్డు మీదే బండి ఆపి మా నాన్నకు చెయ్యి ఊపి వచ్చేస్తానని దేవకి ఎవరితోనో ఫోన్లో చెబుతుంటే విననట్టు ఊరుకున్నాను.

తిరువళ్ళూరులో టైర్ల అంగడి సెల్వం అన్న తమిళాయనే గానీ మాతో మా తెలుగే మాట్లాడతాడు. నేను ఫోన్లో బొమ్మ చూపించాను. వేలు దూరేంత లోతు గాట్లు, కంపెనీ సైజు కంటే పెద్దది, రాళ్ళ గుట్టలెక్కే టైరు.

సెల్వం అన్న బొమ్మ చూశాడు, నా బండి చూశాడు, నన్ను చూశాడు.

"సార్, డ్రైవర్ డోర్ తీసి చూడండి. ఏ సైజు ఎయ్యాల్నో ఆడ స్టిక్కర్లో రాసిండారు."

"అది మామూలు వాళ్ళకి అన్నా."

"మీరు కొండలకి, అడవులకి పోతారా సార్?"

"మడికి పోతాను."

ఆయన టైర్లు తెప్పించి బిగించాడు. బండి నాలుగు వేళ్ళు ఎత్తు పెరిగింది. నా ఛాతీ అంతకంటే పెరిగింది. స్టీరింగు ఇటు చివరికి, అటు చివరికి తిప్పి చూపించాను. ఎక్కడా తగల్లేదు.

"చూసినావా అన్నా, తిరగతాండాది."

"ఇప్పుడు తిరగతాది సార్. ఆళ్ళు ఎక్కినాక ఒగ తూరి తిప్పి చూడండి" అన్నాడు సెల్వం అన్న.

ఆళ్ళు అంటే మనుషులే. కారన్నాక మనుషులు ఎక్కరా, ఈయనకు ఇంత చాదస్తమేమిటని నవ్వుకుంటూ వచ్చేశాను.

ఇంటి ముందు అమ్మ కర్పూరం వెలిగించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నేను బండిని ముందుకు కదిలించాను. మూడు నిమ్మకాయలు పద్ధతిగా నలిగాయి. నాలుగోది మాత్రం నలగలేదు. టైరు గాట్లో ఇరుక్కుని, చక్రంతో పాటు ఒక చుట్టు తిరిగి, పచ్చగా నవ్వుతూ మళ్ళీ పైకి వచ్చింది.

"రేయ్, నిమ్మకాయ నలగలేదురా" అంది అమ్మ. ముఖం మాడిపోయింది.

"అదే మా, గ్రిప్పు అంటే."

"దిష్టి యాడికి పోతాది మరి? దాంట్లోనే ఉండాది గదా."

ఆ నిమ్మకాయను స్క్రూడ్రైవరు పెట్టి పెకలించాను. అమ్మ మాత్రం ఆ సంగతి మనసులో పెట్టుకుంది.

సరే, ఇప్పుడు అసలు విషయం. అక్కకు పెళ్ళయిన ఏడేళ్ళకు పుట్టిన బిడ్డ మా కుట్టి. దానికి తిరుత్తణి కొండ మీద గుండు కొట్టించి, చెవులు కుట్టించాలని మొక్కు. మావాళ్ళలో ఆ రెండూ మేనమామ ఒడిలో జరగాలి. తండ్రి రాకపోయినా సర్దుకుంటారు. మేనమామ లేకపోతే చెవులు కుట్టే ఆచారి సూది సంచిలోంచి బయటికే తీయడు. అక్కకు తోడబుట్టింది నేనొక్కణ్ణే. వైకాశి నెలలో ఒక శుక్రవారం నిశ్చయించారు. పదిన్నరకు రాహుకాలం వస్తుంది, ఆ లోపల అయిపోవాలి. అక్క నెల ముందునుంచీ రోజూ ఫోన్ చేసి ఒకటే మాట చెప్పేది, "రేయ్, నువ్వు మాత్రం టైముకి ఉండాల."

"మీరంతా నా బండిలోనే రండి. మన టైర్లకి కొండ ఒక లెక్కా" అన్నాను. బావ తన వ్యాన్ తెస్తానంటే కూడా వద్దన్నాను.

ముందు సీట్లో బావ, వెనక అమ్మ, దేవకి, కుట్టిని ఎత్తుకున్న అక్క. డిక్కీలో పూజ సామాను, పొంగలి గిన్నె, మూడు బిందెలు. రోడ్డెక్కగానే టైర్లు కూత మొదలుపెట్టాయి. రైస్‌మిల్లులో కూర్చున్నట్టు ఉంది.

"ఏందిరా ఆ సద్దు?" అంది అమ్మ.

"గ్రిప్పు మా."

"ఏంది?"

"గ్రిప్పూ."

"అరవబాకురా, బిడ్డ లేస్తాది" అని అక్క నాకంటే గట్టిగా అరిచింది. బిడ్డ లేచింది. తిరుత్తణి దాకా టైర్లు ఒక శ్రుతిలో, కుట్టి ఒక శ్రుతిలో ఏడ్చాయి. వాన కోసం కొన్న టైర్లు గదా, ఆకాశంలో మబ్బు తునక లేదు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కొండ రోడ్డు ఎక్కాం. తొమ్మిదీ ముప్పావు. మొదటి మలుపులో ఏదో బర్రుమంది. బావ నావైపు చూశాడు. నేను రోడ్డువైపు చూశాను. తరువాతి పెద్ద మలుపులో స్టీరింగు సగం తిరిగి ఆగిపోయింది. బలంగా తిప్పాను. ఫట్‌మని ఏదో విరిగింది. కాలిన రబ్బరు వాసన కారంతా నిండింది. బండి రోడ్డుకు అడ్డంగా, కొండకు ముక్కు పెట్టి నిలబడింది.

బావ దిగి చక్రం దగ్గర వంగి చూశాడు.

"టైరు పైన ప్లాస్టిక్ ఇరిగింది, లోపల బాడీకి ఒరుసుకుంటాండాది దామూ. బరువుకి బండి కిందికి దిగె. ఇంక టైరు తిరిగేదానికి యాడుండాది చోటు?"

ఆళ్ళు ఎక్కినాక తిప్పి చూడండి సార్. సెల్వం అన్న గొంతు నా చెవిలో మోగింది.

వెనక బస్సు డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, ట్రాక్టర్ని కొండకు ఎందుకు తెచ్చారు సార్ అని తమిళంలో ఎంతో మర్యాదగా అడిగాడు. అక్క ఏడవడానికి సిద్ధంగా ఉంది. అమ్మ రోడ్డు మీదే కొండవైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది.

"సామీ, నా మనమరాలి పని టైముకి జరిగిపోతే, నా కొడుకు తలెంటికలు నీకే ఇచ్చేస్తా."

"నన్ను అడగవా మా?"

"నువ్వు టైర్లు కొనేటప్పుడు ఎవుర్ని అడిగితివి?"

బావ కుట్టిని తీసి నా చేతుల్లో పెట్టాడు. "నువ్వు ఎత్తుకోని పో. బండి నేను చూసుకుంటా."

"నీ బిడ్డ చెవులు కుట్టేటప్పుడు నువ్వు లేకుంటే ఎట్ల బావా?"

"నా ఒడి ఎవురికి కావాల? నీ ఒడే గదా కావాల్సింది. పో, టైమైతాండాది."

నేను ముందే చెప్పాను గదా అని బావ ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది. ఏడేళ్ళు ఎదురుచూసిన తండ్రి నా తెలివితేటల పక్కన కాపలా నిలబడితే, నేను ఆయన బిడ్డను ఎత్తుకుని ఎండలో కొండ ఎక్కాను. అంత సిగ్గు నాకు జన్మలో కలగలేదు. వెనకనుంచి దేవకి, "ఎండకి కూడా పనికొస్తాయంటిరి గదా" అంది. విననట్టు నడిచాను, కానీ విన్నాను.

చెమటతో తడిసి పైకి చేరేసరికి పది దాటింది. నా ఒడిలో కుట్టికి గుండు అయింది. చందనం పూశారు. ఆచారి సూది తీసి ఒక చెవి కుట్టాడు. కుట్టి కొండ అదిరేటట్టు ఏడ్చింది. అక్క పదేపదే కిందికే చూస్తోంది. రెండో చెవి పట్టుకోబోతుంటే, దూరంనుంచి రైస్‌మిల్లు కూత వినిపించింది. ఆ కూత లోకంలో ఒక్క బండిదే.

బావ తాళాలు వేలికి తిప్పుకుంటూ నడిచి వచ్చి, కుట్టి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. రెండో చెవి తండ్రి ఎదుటే కుట్టారు. రాహుకాలానికి ఇంకా పది నిమిషాలుంది. అక్క ఏడుస్తూ నవ్వింది. నాకూ కళ్ళు తడిశాయి, చెమట అని చెప్పుకున్నాను.

"ఎట్ల తెచ్చినావు బావా? స్టీరింగే తిరగలేదే."

"మీరంతా దిగినారు గదా, తేలిగ్గా తిరిగె. బండి బంగారం దామూ. మనుషులు ఎక్కకుంటే చాలు."

ఆచారి సూది సంచిలో పెట్టుకుంటూ పడిపడి నవ్వాడు. నేను మెల్లగా లేచి తప్పుకోబోతే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఉండు, యాడికి పోతావు? మొక్కుండాది." ఇంకో పావుగంటకు కుట్టి, నేను ఒకే రకంగా తయారయ్యాం. నన్ను చూసి ఆ పిల్ల ఏడుపు మానేసింది.

దిగేటప్పుడు అందరూ బస్సులో దిగారు. నేనొక్కణ్ణే నా కారులో, ఖాళీగా, ఎక్కడా ఒరుసుకోకుండా, హాయిగా దిగాను. మరునాడు పొద్దున్నే టైర్ల అంగడి ముందు ఆగితే, సెల్వం అన్న నా చందనం గుండు వంక చాలాసేపు చూసి, "ఆళ్ళు ఎక్కినారా సార్?" అన్నాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, తిరుత్తణి స్వామి సాక్షిగా, మళ్ళీ మొలిచిన ఈ జుట్టు సాక్షిగా, శపథం చేస్తున్నాను. ఇకమీదట డోర్ మీద స్టిక్కరులో ఉన్న సైజు తప్ప ఇంకో సైజు కన్నెత్తి చూడను. పాలవ్యాన్ తోలే మనిషి మాటకు ఎదురు చెప్పను. ఈ బండితో మంచులోకి పోను.

పోయిన నెల మళ్ళీ టైర్లు మార్చాల్సి వచ్చింది. ఈసారి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని అంగడికి పోయాను. సెల్వం అన్న కొత్త రకం ఏదో వచ్చిందని, చూస్తారా సార్ అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా వెనక సీట్లోంచి అమ్మ తల బయటపెట్టి, "చూడనీ అన్నా, మొక్కుకొనేదానికి నేనుండాను" అంది.

నేను జుట్టు ఒకసారి తడుముకుని, డ్రైవర్ డోర్ తీసి స్టిక్కరు చూపించాను.