మునెమ్మ పసరు ఆపిన ఆదివారం

ఐరాల చుట్టుపక్కల ఎవరి కళ్ళు పచ్చబడినా మునెమ్మ ఇంటికే దారి. ఆదివారం పరగడుపున నేలఉసిరి పసరు మజ్జిగలో కలిపి ఇచ్చేది, ఉప్పూ నూనే మానేయమనేది. చాలామందికి మూడు వారాల్లో తగ్గేది. తగ్గనివాళ్ళు తిరిగొచ్చి చెప్పరు కాబట్టి, తన మందుకు తిరుగులేదని గట్టిగా నమ్మింది మహాతల్లి.

తొంభై ఎనిమిదిలో ఆమె కూతురు లోకేశ్వరి కళ్ళే పచ్చబడ్డాయి. అల్లుడు ధనంజయ ఆసుపత్రికి పోదామంటే, "ఇంట్లో మందు పెట్టుకోని యాడికి పోతావప్పా?" అని నోరు మూయించింది. రెండో వారానికి పిల్ల గడప దాటితే ఆయాసపడుతోంది. పథ్యం వల్ల వచ్చిన నీరసమే అనుకుంది మునెమ్మ. నాలుగో ఆదివారం కూతురి కనురెప్ప కిందికి లాగి చూసి మునెమ్మ హడలిపోయింది. లోపల ఎరుపన్నదే లేదు.

తిరుపతి పెద్దాసుపత్రిలో వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. ధనంజయ, లోకేశ్వరి అన్నలిద్దరూ, ఊరివాళ్ళు నలుగురూ చేతులు చాచారు. ఎవరి రక్తంతో కలిపినా గడ్డలు కడుతోందట. లోకేశ్వరి రక్తం ఆమె రక్తంతోనే పొసగడం లేదట. రోగాలను పట్టుకోవాల్సిన ఒంటి కాపలా, సొంత ఎర్రకణాలనే పరాయివనుకుని చంపేస్తోందనీ, చచ్చిన కణాలు విరిగి వచ్చే పచ్చరంగే కళ్ళలో కనబడేదనీ, లివరు బాగానే ఉందనీ డాక్టరు పంకజాక్షి వివరించింది. ఇంతవరకూ ఏం వాడారని అడిగింది.

ధనంజయ నాటుమందన్నాడు. అత్త పేరు మాత్రం ఎత్తలేదు.

"నేనే పసరు పోసినానమ్మా," అంది మునెమ్మ. "మూడు వారాలు బిడ్డను కదలనీకుండా పెట్టుకుంది నేనే."

జబ్బు పసరు వల్ల రాలేదనీ, పోయిన మూడు వారాలే ప్రాణం మీదికి తెచ్చాయనీ డాక్టరు చెప్పింది. కాపలాను అణిచే మందు మొదలుపెట్టి, అన్నిటికంటే తక్కువగా గడ్డకట్టిన రక్తం ఏరి, చుక్కచుక్కగా ఎక్కించారు. అదీ పడకపోతే ఇక దారి లేదు. పిల్లకు వణుకొస్తే రక్తం పడనట్టు, వెంటనే పిలవమన్నారు. మునెమ్మ కూతురి కాళ్ళు పట్టుకుని కూర్చుంది, భయంతో తన చేతులే వణుకుతుంటే వణికేది ఎవరో తెలియక రెండుసార్లు నర్సును పిలిచింది. ఆరో రోజు లోకేశ్వరి లేచి తనే జడ వేసుకుంది.

నెల తర్వాత ఆదివారం, పక్కూరి నాగరత్నమ్మ పచ్చకళ్ళ మనవరాలిని తీసుకొచ్చింది. మునెమ్మ రెప్ప లాగి చూసింది. ఎర్రగానే ఉంది. అయినా ముందు రక్తం చూపించుకు రమ్మంది. నీ చెయ్యి మంచిది, ఆసుపత్రి ఎందుకంది నాగరత్నమ్మ.

మునెమ్మ వసారాలో మాత్రలు మింగుతున్న కూతుర్ని చూపించింది.

"నా సెయ్యి అంత మంచిదైతే, నా బిడ్డ అన్ని మాత్రలు ఏల మింగతాది?"

ఆసుపత్రికి పోయే బస్సుకు వేళవుతోందని, వాళ్ళను రోడ్డు దాకా తనే తీసుకెళ్ళింది.