బావకి చెప్పని అంచనా

మా అక్క భర్త, నాకు బావ, స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. కూర్మన్నపాలెంలో మా రెండిళ్లకీ మధ్య ఒక్క సందు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. రాళ్లున్నాయని గాల్‌బ్లాడర్ తీయించుకుంటే, ఆ తీసిన ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. మళ్లీ కోసి లివర్‌లో కొంత, చుట్టుపక్కల గ్రంథులు తీశారు.

రెండో రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. గ్రంథుల్లోకీ పాకిందన్నాడు. వయసు, జబ్బు ఎంత లోతుకి దిగింది, అన్నీ కంప్యూటర్లో కొట్టి, ఇలాంటివాళ్లు మామూలుగా ఏడాది ఉంటారన్నాడు.

"ఇది అంచనాయేనండీ, మనిషిని బట్టి మారొచ్చు. ఆయన చేయాలనుకున్న పనులుంటే మాత్రం వాయిదా వేయొద్దనండి."

బయట బెంచీ మీద బావ, అక్క.

"ఏటన్నాడు బావా?"

"మొత్తం తీసేసారంట. పదేళ్లకి డోకా లేదంట."

పదేళ్లని ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. బావ నమ్మేశాడు.

శ్రీకాకుళం అవతల పల్లెలో ఆయన అన్న ఉన్నాడు. తండ్రి పోయినప్పుడు సెలవు దొరక్క బావ దహనానికి అందలేదు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఆపరేషన్ కాగానే వెళ్లి అన్న కాళ్లు పట్టుకుంటానని బావ తనే అన్నాడు. నా మాట విన్నాక వాయిదా వేశాడు.

"తొందరేటి బావా? కీమో అయిపోయి, కాస్త మనిషినయ్యాక ఎల్దాం. ఇలగ ఎల్తే జాలిపడి మాటాడతాడు. నాకది వద్దు."

సరే అన్నాను. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది.

వేసవి దాటకముందే కళ్లు పచ్చబడ్డాయి. స్కాన్‌లో జబ్బు మళ్లీ కనబడింది. ఆస్పత్రి వరండాలో బావకి నిజం చెప్పేశాను.

"కోపం లేదంటే అబద్దమైపోద్ది బావా," అన్నాడు. "మా అన్నకి ఫోన్ సెయ్."

అన్న మొదటి బస్సుకే వచ్చాడు. అప్పటికే బావకి నొప్పి మందుల మత్తు.

"ఏట్రా, ఇలగైపోనావు?"

బావ పెదాలు కదిలాయి. మాట తెలీలేదు. అన్న వంగి నోటి దగ్గర చెవి పెట్టాడు. కాసేపు చూసి, "తరవాత సెప్దూగాని, పడుకో," అని దుప్పటి సర్దాడు.

మూడో రోజు బావ పోయాడు. డాక్టరు అంచనా ఇంచుమించు నిజమే అయింది.

కర్మకాండలయ్యాక అన్న నన్ను పక్కకి పిలిచాడు. "ఆడేటి సెప్పబోయాడో నీకేటైనా తెలుసా?"

బావ అనుకున్నదంతా చెప్పాను. వాయిదా ఎందుకు పడిందో కూడా చెప్పాను. ఆయన సంచీ భుజాన వేసుకుని, నన్ను బస్టాండు దాకా రావద్దని చేత్తో సైగ చేసి వెళ్లిపోయాడు.