కృష్ణప్రసాద్ తుపాకీకి నేను చెప్పిన సాక్ష్యం

కృష్ణప్రసాద్ ఏ వస్తువునైనా ముందు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. స్టేప్లర్, సీసా మూత, మా ఆవిడ కొత్త మిక్సీ. స్లైగోలో ఇన్‌హేలర్లు తయారుచేసే ప్లాంటులో స్ప్రింగులు పరీక్షించడం అతని ఉద్యోగం. "టిక్కు సరిగ్గా పడకపోతే ఎక్కడో ఒక ముసలాయనకి ఊపిరందదురా" అనేవాడు. తెనాలి మనిషి. ఐర్లాండులో పన్నెండేళ్ళున్నా ఆ వెటకారం పోలేదు.

ఇద్దరం ఇక్కడి కార్లో అనే ఊళ్ళో కాలేజీలో కలిసి చదివాం. అక్కడే మా మాస్టారొకాయన ఆదివారాలు పొలానికి తీసుకెళ్ళి, గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్ళల్ని తుపాకీతో కొట్టడం నేర్పాడు. నాకు పదికి రెండు తగిలేవి. వాడికి ఎనిమిది. నా కుళ్ళు అక్కడే మొదలైంది. వాడు కొట్టినందుకు కాదు. కొట్టాక "చూశావా" అని కూడా అనకుండా టీ ఫ్లాస్కు నా వైపు జరిపేవాడు, అందుకు.

2021 జనవరి. లెపర్డ్స్‌టౌన్ ఫ్లాట్‌లో వంటింటి బల్లే నా ఆఫీసు. కోవిడ్ లాక్‌డౌన్, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. ఒక మీటింగులో కెమెరా ఆపేసి పాత తుపాకుల ప్రకటనలు చూస్తుంటే అది కనబడింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో సైన్యం కోసం చేసిన పంప్ తుపాకీ. గొట్టం కింది చెక్క పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కుతుంది. గొట్టం మీద చిల్లుల రేకు. భుజానికి ఆనించే చెక్క మడమ మీద ఏ సైనికుడో గీసుకున్న నాలుగు గీతలు. అమ్మే డీలరు ఉండేది స్లైగో అవతల.

కృష్ణప్రసాద్‌కి ప్లాంటు వాళ్ళిచ్చిన లెటరుంది, ఎవరూ ఆపరు. డీలరు ఇల్లు వాడి దారిలోనే. "ఓసారి చూసి చెప్పరా" అని ఫోన్ చేశాను.

"నీ పెళ్ళిచూపులకి నన్ను పంపుతున్నావా? ఆనక నన్ననకు" అని నవ్వాడు.

మర్నాడు డీలరు గేటు దగ్గర నుంచి ఒక శబ్దం రికార్డు చేసి పంపాడు. చక్, చక్. అంతే. నేను తొమ్మిది సార్లు విన్నాను. అంతలో వాడి ఫోను.

"గిరీ, విన్నావా? ఎనభై ఏళ్ళ స్ప్రింగురా ఇది! నా ప్లాంటులో నిన్న చేసినవి ఇలా పలకవు. ఏం చెప్పమంటావు?"

"మరీ ఎగబడకు. పెద్దగా నచ్చలేదని చెప్పు, దిగొస్తాడు."

చీర కొన్నా స్థలం కొన్నా మనవాళ్ళం ముందు మొహం చిట్లించుకుంటాం కదా. ఆ డీలరుకి ఆ సంగతేం తెలుసు? నచ్చలేదంటే నచ్చలేదనుకున్నాడు. "పర్లేదు, పక్కన మేయో జిల్లా నుంచి ఇంకొకాయన అడుగుతున్నాడు" అని తుపాకీని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడట. కృష్ణప్రసాద్ కంగారుపడి "ఆగండి, నేను తీసుకుంటా" అనేశాడు.

ఇక్కడ లైసెన్సు మనిషికి కాదు, తుపాకీకి. ఒక్కో తుపాకీ నంబరుకి ఒక్క పేరుతో దరఖాస్తు. అది మంజూరయ్యేదాకా తుపాకీ డీలరు దగ్గరే ఉంటుంది. డీలరు పుస్తకంలో ఆ నంబరు పక్కన పడ్డ పేరు కృష్ణప్రసాద్.

"నీకు కావాలంటే నీ పేరుకి మార్పిస్తాను" అన్నాడు.

"అక్కర్లేదు, నీ దగ్గరుంటేనేం" అన్నాను. ఆ మాట అంటూనే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. కనిపెట్టింది నేను. చేత్తో పట్టుకున్నది వాడు. మూడు వారాలు ఆ శబ్దం మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను, పంటి నొప్పిని నాలుకతో తడుముకున్నట్టు.

దరఖాస్తులో, మనిషి మంచివాడని చెప్పడానికి ఇద్దరి పేర్లివ్వాలి. ఒకటి నాది ఇచ్చాడు. రెండోది స్తెఫను గారిది. ఆయనది చీరాల, అదే ప్లాంటులో కృష్ణప్రసాద్‌కి ఎదురుబల్ల.

ఒక మధ్యాహ్నం స్లైగో గార్డ్స్ స్టేషను నుంచి ఫోనొచ్చింది. ఇక్కడ పోలీసుల్ని గార్డ్స్ అంటారు. ఆ గార్డ్ మర్యాదగా అడిగాడు, మనిషి ఎలాంటివాడని. బాగానే ఉంటాడని చెప్పడానికి ఇక్కడి వాళ్ళలాగే "గ్రాండ్" అన్నాను. ఎన్నేళ్ళుగా తెలుసంటే పన్నెండన్నాను. ఇంకేమైనా చెప్పాలా అన్నాడు. లేదని ఉంటే అక్కడితో అయిపోయేది.

"ఏం లేదు. పోయినేడు వాళ్ళమ్మ పోయారు. విమానాల్లేక వెళ్ళలేకపోయాడు. అప్పట్నుంచి సరిగా నిద్రపోవడం లేదు" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అవతల పెన్ను గీసుకోవడం వినబడింది.

దరఖాస్తు ఆగిపోయింది. నిద్ర సంగతి ఎత్తి, డాక్టరు దగ్గర నుంచి ఉత్తరం తెమ్మన్నారు. కృష్ణప్రసాద్ వెళ్ళి, తల్లి కోసం ఏడవడం జబ్బు కాదని రాయించుకుని రావాల్సొచ్చింది. ఐదు నెలలు పట్టింది.

"నా నిద్ర సంగతి తెలిసింది మీ ఇద్దరికేరా. స్తెఫనే చెప్పుంటాడు. నువ్వెందుకు చెప్తావు?" అన్నాడు.

నేను "ఏమోరా" అన్నాను.

జూన్‌లో తుపాకీ ఇంటికొచ్చింది. దసరాకి వెళ్ళాను. ఇనప బీరువాలోంచి తీసి పీట మీద పెట్టి, మడమకి పసుపు రాసి బొట్టు పెట్టాడు. "యుద్ధం చూసొచ్చిందిరా, దీనికి పూజ చెయ్యకపోతే ఇంకే ఆయుధానికి చేస్తాం?" అని నా చేతికిచ్చాడు. పిడి లాగాను. చక్, చక్. ఏటా ఆ రోజు గారెలు తినడానికి వచ్చే స్తెఫను గారు రాలేదు. పిలవలేదంది కృష్ణప్రసాద్ భార్య మైథిలి. గారెలు బావున్నాయన్నాను.

మాస్కులు తీసేయవచ్చన్న వారమే, 2022 ఫిబ్రవరిలో, ప్లాంటు నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ కృష్ణప్రసాద్ పక్కకి ఒరిగిపోయాడు. గుండె. నలభై మూడేళ్ళు.

నెల తర్వాత మైథిలి ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆ తుపాకీ మళ్ళీ డీలరు దగ్గరికి పంపేశాం. నువ్వే తీసుకో. 'గిరీ గాడి పెళ్ళికూతుర్ని నేను తెచ్చుకున్నా' అని నవ్వేవారు ఎప్పుడూ."

వెళ్ళాను. మడమ గీతల్లో పసుపు ఇంకిపోయింది. ఆ మరక వల్ల విలువ తగ్గుతుంది, శుభ్రం చేయమంటారా అన్నాడు డీలరు. వద్దన్నాను. చెవి దగ్గర పెట్టుకుని పిడి లాగాను. ఇప్పుడు నాకు పోటీ ఎవరూ లేరు. అయినా కుళ్ళు పోలేదు. ఈ శబ్దం వాడు విన్నట్టు నాకు వినబడదు.

నా దరఖాస్తులోనూ రెండు పేర్లు కావాలి. స్తెఫను గారికి ఫోన్ చేశాను.

"ఏడాదండీ గిరీష్ గారూ" అన్నారాయన. "రోజూ ఎదురుగా కూర్చునేవాడు. స్ప్రింగుల గురించి తప్ప ఒక్క మాట లేదు. నేనేం చేశానో చెప్పమని అడిగాను కూడా. చెప్పకుండానే పోయాడు."

"మీరేం చెయ్యలేదండీ. గార్డుకి ఆ మాట చెప్పింది నేను."

"తుపాకీ కోసమా?"

"అవునండీ."

"ఇప్పుడు నన్ను సాక్షిగా రాస్తానంటారా?"

"మీరు ఒప్పుకుంటే."

"నన్నడిగితే తెలిసిందంతా చెప్తానండీ. ఈ మాటతో సహా."

"చెప్పండి" అన్నాను.

దరఖాస్తులో ఆయన పేరు రాశాను. ఫోన్ నంబరు ఒక్కో అంకె సరిచూసుకుని పంపాను.